‘చూశాను’ అన్న సంతకం

ఇంటి నుంచి, కిటికీ పక్క బల్ల
మార్చి 3

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. మూడేళ్ళ తర్వాత నీ చేతిరాత చూడటం ఇదే. అప్పటికంటే అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. హోదా వస్తే అవి కూడా ఒళ్ళు చేస్తాయి కాబోలు. మీ అక్క రెండుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకుంది. నేను ఒక్కసారే చదివాను, ఎర్ర పెన్ను పట్టుకుని. తప్పులు నాలుగే. సంతోషం.

మెయిల్ చెయ్యకుండా కాగితం మీద రాసినందుకు మెచ్చుకుంటున్నాను. కాగితం మీద దిద్దితే దిద్దినట్టు కనిపిస్తుంది. నాకు ఆ మర్యాద ఇష్టం.

ఇక నీ కష్టం. నీటి పరీక్షల ల్యాబ్‌కి కొత్త సర్వర్ వచ్చింది. పదకొండేళ్ళ రిపోర్టులన్నీ అందులోకి ఎక్కించారు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి, "ఈ ఫైళ్ళలో ఎవరైనా వేలు పెడితే మీకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. అప్పుడు నీకు బావ గుర్తొచ్చాడు. అంతేనా?

అది తెలిసే ఏర్పాటు ఆ ల్యాబ్‌లో ఉండేది. నడిపింది నేను. నా మీద మీరు రాసిన ఫిర్యాదులో మూడో అంశం కూడా అదే: "అనవసరమైన నిఘా, కాగితం వృథా, ఆధునికతకు అడ్డు." కింద అయిదు సంతకాలు. నాలుగోది నీది. నేను వెళ్ళిన వారంలోనే దాన్ని సర్వర్ నుంచి తుడిచేశారని విన్నాను. ఇప్పుడు అదే కావాలట.

విను. ప్రతి ఫైలుకీ ఒక ముద్ర ఉంటుంది, అరవై నాలుగు అంకెలూ అక్షరాలూ కలిపి. ఫైలులో ఒక్క చుక్క మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. ముందు అన్ని ఫైళ్ళకీ ముద్రలు తీసి జాబితా చేసుకో. తర్వాత రోజూ తీసిన ముద్రల్ని ఆ జాబితాతో పోల్చు. తేడా వస్తే ఎవరో ముట్టుకున్నట్టు. ఇంతే విద్య. దీనికి గొప్ప బుర్ర అక్కర్లేదు, ఓపిక కావాలి. అందుకే మీకు కష్టం.

రెండు సంగతులు మాత్రం మరిచిపోకు. ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయని రూఢి చేసుకున్నాకే మొదటి జాబితా తియ్యాలి. దొంగ ఇల్లంతా తిరిగి వెళ్ళాక జాబితా రాస్తే, వాడు వదిలిన చెప్పులకి కూడా కాపలా కాస్తావు. రెండోది, జాబితాని ఆ సర్వర్‌లోనే పెట్టకు. పెడితే ఫైలు మార్చినవాడే జాబితాని కూడా దిద్దుకుని పోతాడు.

మీ అక్క నీ ఆరోగ్యం అడుగుతోంది. నేను అడగటం లేదు.

ఆధునికతకు అడ్డు,
బావ


ల్యాబ్, రెండో అంతస్తు
మార్చి 19

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్లు తీసేస్తే మిగిలిన అరపేజీ చాలా ఉపయోగపడింది.

మీరు చెప్పినట్టే చేశాను. కాకపోతే ఏ ఫైళ్ళని కాపలా కాయాలో మీరు రాయలేదు కదా, అన్నింటినీ పెట్టేశాను. మొన్న ఉదయం మొదలుపెడితే భోజనాల వేళకి పదకొండు వందల నలభై అలర్టులు వచ్చాయి. మా డైరెక్టర్ మేడం ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. మీటింగ్ మధ్యలో ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "దీన్ని మీరే పెంచుకోండి" అని వెళ్ళిపోయారు.

ఇంతమంది దొంగలు ఎక్కణ్ణుంచి వచ్చారు బావగారూ?

మీ బావమరిది


ఇంటి నుంచి
మార్చి 24

బావమరిదికి,

దొంగలు రాలేదు. సర్వర్ ఊపిరి పీల్చుకుంది. ప్రతి ఊపిరికీ నువ్వు మేడం గారికి ఫోన్ కొట్టించావు.

ఎవరు లోపలికొచ్చారు, ఎవరు వెళ్ళారు అని సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ ఫైళ్ళు ఉంటాయి. మారడమే వాటి పని. అవి మారాయని అలర్టు పెట్టడం, గడియారం ముల్లు కదిలిందని పోలీసుల్ని పిలవడం లాంటిది. వాటిని తీసెయ్. మారకూడనివి ఏవో కూర్చుని ఆలోచించు. సంతకమై బయటికి వెళ్ళిన రిపోర్టు మారకూడదు. సర్వర్‌ని నడిపే ప్రోగ్రాములు చెప్పకుండా మారకూడదు. ఎవరు లోపలికి రావచ్చో చెప్పే ఫైలు మారకూడదు. వాటినే కాపలా కాయి. రోజుకి రెండు అలర్టులు వస్తే మనిషి చదువుతాడు, వెయ్యి వస్తే టీకి వెళ్తాడు.

ఇంకొకటి. బల్ల మీద ఒక పుస్తకం పెట్టి పెన్ను దారంతో కట్టు. ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నా ముందు అందులో రాయాలి. అలర్టు వచ్చినప్పుడు పుస్తకం చూడు. పుస్తకంలో ఉంటే సరే. లేకపోతే కుర్చీలోంచి లే.

నా పుస్తకాన్ని మీ చిరునవ్వు సారు "మీ రామాయణం" అనేవాడు. గుర్తుందా ఆయన? అప్పటి డైరెక్టరు. ఎదుటివాడి ఉద్యోగం ఊడగొట్టేటప్పుడు కూడా పళ్ళు కనిపించేలా నవ్వే మనిషి. నెలకోసారి నేను ముద్రల జాబితా అచ్చు తీసి పట్టుకెళ్తే, ప్రతి పేజీ కిందా నా సంతకం పక్కన తన సంతకం పెట్టేవాడు, చూడకుండా, నవ్వుతూ. ఇప్పుడు రిటైరై మీకే సలహాదారుగా వస్తున్నాడట. కొందరు కుర్చీ దిగరు, కుర్చీ పేరు మార్చుకుంటారు.

బావ


ల్యాబ్, రెండో అంతస్తు
ఏప్రిల్ 28

బావగారికి,

మీ సలహా అమోఘం. లాగ్ ఫైళ్ళు తీసేశాక అలర్టులు రోజుకి ముప్పైకి దిగాయి. అందులో చాలావరకు మేం చేసుకున్న మార్పులే. పుస్తకం పెట్టాను. మొదటి వారంలోనే పెన్ను పోయింది, దారం మాత్రం ఉంది.

ఇప్పుడైతే అలర్టులే లేవు. ప్రతి శుక్రవారం ఉదయం పాత జాబితా స్థానంలో కొత్తది తనంతట అదే తయారయ్యేలా, అది తయారయ్యాకే అలర్టులు వెళ్ళేలా పెట్టాను. ఆ వారం జరిగిన మార్పులన్నీ అందులో కలిసిపోతాయి. మేడం చాలా సంతోషించారు. "నెల నుంచి ఒక్క ఫిర్యాదు లేదు" అని మీటింగ్‌లో అందరి ముందూ అన్నారు. మీ పేరు చెప్పాలనుకున్నాను. చిరునవ్వు సారు కూడా అక్కడే ఉన్నారు, అందుకని ఊరుకున్నాను.

అక్కకి మోకాలి నొప్పి తగ్గిందా?

మీ బావమరిది


ఇంటి నుంచి
మే 4

బావమరిదికి,

నా పేరు చెప్పనందుకు కృతజ్ఞుణ్ణి. ఆ పనికి నా పేరు అంటుకోకపోవడమే మంచిది.

నువ్వు చేసిందేమిటో తెలుసా? కాపలావాణ్ణి పెట్టావు. వారమంతా ఇంట్లోకి వచ్చినవాళ్ళెవరో వాడు రాసుకుంటున్నాడు. శుక్రవారం ఉదయం వాడి చేతిలో కాగితం లాక్కుని, "వీళ్ళంతా మన చుట్టాలే" అని సంతకం పెట్టి ఇస్తున్నావు. అలర్టులు రావడం లేదంటే ఎందుకొస్తాయి? నోరు మూయించింది నువ్వే.

నా షెల్ఫులో రాజుల చరిత్రలు రెండు వరసలున్నాయి. పడిపోయిన కోటల్లో సగం, లోపలివాడెవడో విసుగొచ్చి తలుపు తీస్తేనే పడ్డాయి. విసుగుని మించిన శత్రువు లేడు.

జాబితా మార్చడం తప్పు కాదు, మార్చాలి. కానీ ఒక్కొక్క తేడా చదివి, పుస్తకంతో పోల్చి, ఒప్పుకుని, అప్పుడు మార్చాలి. నేను ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ నెలాఖరున మారిన ఫైళ్ళ కాగితం అచ్చు తీసి, చదివి, కింద ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. చదవకుండా ఒక్క కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఈ వాక్యం కింద గీత గీసుకో.

మోకాలి నొప్పి తగ్గలేదు. నేను అడిగితే తగ్గిందంటోంది, నువ్వడిగితే ఉందంటోంది.

బావ


ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 9

బావగారికి,

ఈ ఉత్తరం మీరు నవ్వకుండా చదవాలి.

గత నెలాఖరున ఒక క్లినిక్ నుంచి డాక్టరమ్మ ఉత్తరం రాసింది. తన దగ్గరికొచ్చే పిల్లల్లో తొమ్మిదిమంది రక్తంలో సీసం ఎక్కువగా ఉందట. అందరూ మన పదిహేడో నంబరు బోరు నీళ్ళు తాగే కాలనీ పిల్లలు. ఆ బోరు రిపోర్టు పంపమంది. సర్వర్‌లో చూశాను. పరీక్ష మూడేళ్ళ కిందటి ఏప్రిల్‌లో జరిగింది. లీటరుకి 0.008 మిల్లీగ్రాములు, హద్దు లోపలే. పాసైంది. ఒకసారి పాసైన బోరుని మళ్ళీ అయిదేళ్ళదాకా పరీక్షించరని మీకు తెలుసు.

ఎందుకో మనసొప్పక పాత బీరువా వెతికాను. మీరున్నప్పటి బ్యాకప్ డిస్కు దొరికింది. అందులో అదే రిపోర్టు, అదే సంతకం, కానీ 0.08. ఫెయిలైంది.

వెంటనే మేడంకి చెప్పాను. ఆమె కమిటీకి చెప్పారు. కమిటీ ఏమందో తెలుసా? సర్వర్‌లో ఫైలు మారలేదని నేను పెట్టిన ఏర్పాటే చెప్తోందట, కాబట్టి డిస్కే దొంగదట. ఒకవేళ డిస్కు నిజమైతే సర్వర్‌లో మార్చింది నేనేనట, మెషీన్ గది తాళం మూడేళ్ళుగా నా దగ్గరుంది కనుక. ఎటు తిప్పినా నేనే. ఈలోగా, ఏది నిజమో తేలేదాకా బోరు మూయడానికి వీల్లేదన్నారు. పని ఎక్కువగా ఉందని కొత్త పరీక్షని వచ్చే నెలకి వేశారు. కమిటీలో మాట్లాడింది ఎక్కువగా చిరునవ్వు సారే.

మూడు వందల ఇళ్ళు బావగారూ. ఇప్పుడు కూడా తాగుతున్నారు.

మీరు నెలనెలా అచ్చు తీసిన జాబితాలు ఇంటికి తీసుకెళ్ళారని అక్క ఒకసారి చెప్పింది. రెండు ఫైళ్ళ ముద్రలూ వెనక పేజీలో పూర్తిగా రాశాను. డిస్కులోది ఏడుతో మొదలవుతుంది, సర్వర్‌లోది తొమ్మిదితో. మీ జాబితాలో ఏది ఉంటే అదే అసలుది.

పద్దెనిమిదిన కమిటీ ముందు జవాబివ్వాలి. లేకపోతే ఉద్యోగం పోతుంది. అది సరే, కేసు కూడా పెడతారట.

మీ బావమరిది


ఇంటి నుంచి
జూన్ 11

బావమరిదికి,

నవ్వలేదు. నోట్లో పళ్ళు కట్టుడువి, నవ్వాలంటే ముందు అనుమతి తీసుకోవాలి.

కాగితాలు ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. పెట్టె అటక మీద ఉంది. అటక ఎక్కాలంటే మోకాళ్ళు కావాలి. చూస్తాను, తొందరపెట్టకు. ‘కాగితం వృథా’ని వెతకడానికి కాస్త సమయం పడుతుంది.

ఈలోగా నాకొక జవాబు కావాలి. మూడేళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను. ఆ ఫిర్యాదు మీద నాలుగో సంతకం ఎందుకు పెట్టావు? అందులో నన్ను ‘మానసికంగా అలసిన వ్యక్తి’ అన్నారు. ఆ వాక్యం నీదా, మరొకరిదా? దాచకుండా రాయి.

బావ

ఒరే తమ్ముడూ, కవరు అంటించడానికి నాకిచ్చారు కాబట్టి ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను. పెట్టె అటక మీద లేదు. మంచం కిందే ఉంటుంది. నీ ఉత్తరం రాగానే లాగారు. నిన్న పొద్దున్నుంచీ భూతద్దం పెట్టుకుని నీ ముద్రలు చదువుతూ, వేలితో కాగితం మీద వెతుకుతూ కూర్చున్నారు. మధ్యాహ్నం ఒక కాగితం దగ్గర ఆగిపోయారు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. అడిగితే "నీకు తెలీదులే" అన్నారు. తెలియకపోవడమేమిటి, నలభై ఏళ్ళుగా ఈ మొహాన్నే చూస్తున్నాను. ఏదో తప్పు దొరికింది. నీది కాదు. — అక్క


ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 13

బావగారికి,

మీ ప్రశ్నకి జవాబు రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

ఆ వాక్యం నాది కాదు. అందులో ఏ వాక్యం ఎవరిదో కూడా నాకు తెలియదు. నేను చదవలేదు బావగారూ. అప్పటికి నేను శాంపిళ్ళు మోసేవాణ్ణి. చిరునవ్వు సారు పిలిచి, "అందరూ పెట్టారు, నీదొక్కటే మిగిలింది" అన్నారు. పైన మూడు సంతకాలు కనిపించాయి, పెట్టేశాను. అందులో ఏముందో మీరు ఇంటికొచ్చి గట్టిగా చదివి వినిపిస్తున్నప్పుడు మొదటిసారి విన్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చదవకుండా పెట్టానంటే మీరు ఇంకా చులకన చేస్తారని, తెలిసే పెట్టానన్నట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు చులకన చెయ్యండి. కానీ జాబితా పంపండి. నాకోసం వద్దు. నిన్న ఆ కాలనీకి వెళ్ళాను. కుళాయి దగ్గర ఒకావిడ, "ల్యాబ్ నుంచా, పాపం ఎండలో వచ్చారు" అని గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగకుండా వచ్చేశాను. ఆవిడ ఏమనుకుందో.

నాలుగో సంతకం


ఇంటి నుంచి
జూన్ 14

బావమరిదికి,

మూడేళ్ళ కిందటి మే నెల జాబితా పంపుతున్నాను. ఇరవై ఆరో పేజీ, పై నుంచి తొమ్మిదో వరస. పదిహేడో బోరు. ముద్ర ఏడుతోనే మొదలవుతుంది. అరవై నాలుగూ పోల్చాను, రెండుసార్లు. డిస్కు అసలుది. పేజీ కింద చిరునవ్వు సారు సంతకం కూడా ఉంది. నిక్షేపంగా ఉంది, నవ్వుతూ పెట్టినట్టే ఉంది. నేను సృష్టించానని ఎవరైనా అంటే ముందు ఆయన్నే అడగమను.

ఈ ఉత్తరం అందగానే బోరు మూయించు. మిగతా మాటలన్నీ తర్వాత.

నీ జవాబు చదివాను. ఎర్ర పెన్ను తియ్యలేదు.

బావ


ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 15

బావగారికి,

కాగితం పదకొండింటికి అందింది. మూడింటికల్లా బోరుకి సీలు వేశారు. ట్యాంకర్లు వెళ్ళాయి. మీకు రెండు చేతులా నమస్కారం.

కానీ నా సంగతి తేలలేదు. చిరునవ్వు సారు మే జాబితా అటూ ఇటూ తిప్పి, తన సంతకం చూసుకుని, ఏమన్నారో వినండి: "బాగుంది. మే నెలలో ఫైలు సరిగ్గా ఉందన్నమాట. అంటే ఆ తర్వాత మారింది. జులై ఒకటి నుంచి తాళం ఇతనిది. నేను చెప్పింది రుజువైంది కదా." నవ్వారు కూడా.

మీరు వెళ్ళింది జూన్ ఇరవై ఎనిమిదిన. ఆ రోజు తీసిన ఆఖరి జాబితా మీ దగ్గర ఉండాలి. అందులో ముద్ర తొమ్మిదితో మొదలైతే, ఫైలు నేను రాకముందే మారినట్టు. ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి. మీరు మే జాబితా ఒక్కటే ఎందుకు పంపారో నేను అడగను.

మీ బావమరిది


ఇంటి నుంచి
జూన్ 16

బావమరిదికి,

అడగవలసింది. అడగలేదు కాబట్టి చెప్పడం ఇంకా కష్టమవుతోంది.

జూన్ జాబితా ఉంది. అదే వరస, అదే బోరు. ముద్ర తొమ్మిదితో మొదలవుతుంది. నువ్వు రాకముందే మారిపోయింది. నీ మీద నింద అక్కడితో పోతుంది. దీంతో పాటు ఇంకొక కాగితం కూడా పంపుతున్నాను. అది పంపడానికే ఆరు రోజులు పట్టింది.

అది ఆ నెల మారిన ఫైళ్ళ కాగితం. చాలా చిన్నది. "కొత్తగా చేరినవి ముప్పై ఒకటి. మారినది ఒకటి: పదిహేడో బోరు రిపోర్టు. జూన్ 12, బుధవారం, ఉదయం 11.20." మారినది ఒకటే, బావమరిదీ. వెయ్యి అలర్టుల్లో కొట్టుకుపోలేదు. కాగితం మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. దాని కింద నా చేతిరాత: ‘చూశాను.’ దాని కింద నా సంతకం.

నేను చూడలేదు.

ఎందుకు చూడలేదో కూడా చెప్తాను. నా దగ్గర దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ ఫిర్యాదు నా చేతికిచ్చింది జూన్ 10, సోమవారం. చిరునవ్వు సారు స్వయంగా ఇచ్చి, "తొందరేం లేదు, నిదానంగా జవాబు రాయండి, క్యాంటీన్లో ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. నేను క్యాంటీన్లో కూర్చున్నాను. ఆ రోజు, మర్నాడు, బుధవారం, నెలాఖరుదాకా. నలభై పేజీలు రాశాను. అందులో న్యాయశాస్త్రం ఉంది, తర్కం ఉంది, నాలుగు దేశాల చరిత్ర ఉంది. ‘మానసికంగా అలసిన వ్యక్తి’ అన్న మాటకే ఆరు పేజీలు. నెలాఖరున ఆ ఒక్క పంక్తి కాగితం ముందుకొచ్చినప్పుడు, నేను ముప్పై ఎనిమిదో పేజీలో అలంకారాలు దిద్దుతున్నాను. సంతకం పెట్టి పక్కన పడేశాను.

ఆయన నా తాళం దొంగిలించలేదు. ఆయనకి ఆ అవసరం లేదు. మెషీన్ గదికి తాళం చెవులు రెండు, ఒకటి నాది, ఒకటి ఆయనది. ఆయనకి కావలసింది నేను ఆ గదిలో లేకపోవడం, ఉన్నా చదవకపోవడం. దానికి ఏం చెయ్యాలో తెలుసు. నన్నెవడైనా ఒక మాట అంటే నేను నలభై మాటలు అనకుండా ఊరుకోనని ఆ ఆఫీసులో గోడలకి కూడా తెలుసు. నా మీద ఆయన వాడింది నా చదువునే. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

ఇదంతా ఊహ అంటారు. కావచ్చు. ఆ బుధవారం నా తాళం నా జేబులోనే ఉందనీ, నేను క్యాంటీన్లో ఉన్నాననీ నేనే చెప్పుకోవాలి. తాళాలు రెండు కాబట్టి అనుమానితులూ ఇద్దరే. నేను ఒకణ్ణి. ఫర్వాలేదు. ఆయన పక్కన నిలబడితే నేను అందంగా కనిపిస్తాను.

పద్దెనిమిదిన నేను వస్తున్నాను. కాగితాలు పోస్టులో వస్తాయి, సంతకం పెట్టినవాడు బస్సులో వస్తాడు. అది నాదేనని వాడే చెప్పాలి. మీ అక్క కూడా వస్తానంటోంది. నా పక్కన ఎవరైనా ఉంటే తక్కువ మాట్లాడతానని ఆమె నమ్మకం.

నీ శుక్రవారాల గురించి మే నెలలో రాసిన ఉత్తరం ఉంటే చింపెయ్. ఆ గీత గీసిన వాక్యం ముందు చింపు.

బావ


ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 27

బావగారికి,

మీరు బస్సెక్కాక జరిగినవి రాస్తున్నాను.

నన్ను వదిలేశారు. రెండు తాళాల సంగతి పైవాళ్ళకి వెళ్ళింది. మిమ్మల్ని మళ్ళీ పిలుస్తారు, సిద్ధంగా ఉండండి. ఆ కాలనీ పక్కనున్న సీసం బ్యాటరీల కర్మాగారానికీ, చిరునవ్వు సారుకీ ఏం చుట్టరికమో వాళ్ళే తేలుస్తారట. ఆయన సలహాలు ఆపేశారు. మీరు లేచి, "ఆ ‘చూశాను’ అబద్ధం, రాసింది నేనే" అన్నప్పుడు మొదటిసారి ఆయన పళ్ళు కనిపించలేదు. మేడం ఆ తర్వాత నాతో, "మీ బావగారు చాలా తక్కువ మాట్లాడతారే" అన్నారు. అక్క చెయ్యి మీ మోచేతి మీద ఉందని చెప్పలేదు.

కాలనీ పిల్లలకి మందులు మొదలుపెట్టారు. ఇద్దరికి ఇంకా బాగాలేదు.

శుక్రవారం ఏర్పాటు తీసేశాను. రోజుకి మూడు, నాలుగు అలర్టులు వస్తున్నాయి, చదువుతున్నాను. పుస్తకానికి కొత్త పెన్ను కట్టాను. అసలు రిపోర్టుని సర్వర్‌లోకి ఎక్కించాక కొత్తగా ముద్రలు తీసి అచ్చు వేస్తాను. ఆ జాబితా మీ దగ్గరే ఉంచుతారా?

ఇంకొకటి. చెప్పాలో వద్దో తెలియలేదు. విచారణ కోసం పాత డైరెక్టరు బీరువా తెరిచారు. అందులో లావుపాటి గోధుమరంగు కవరు ఉంది, మీ చేతిరాతతో. ‘ఆరోపణలకు సమాధానం, నలభై పేజీలు.’ అంటించినది అంటించినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

మీ బావమరిది


ఇంటి నుంచి, కిటికీ పక్క బల్ల
జులై 2

బావమరిదికి,

జాబితా నా దగ్గర వద్దు. చదవకుండా సంతకం పెట్టే మనిషినని ఇప్పుడు కమిటీ దస్తరాల్లోకి ఎక్కాను. మీ అక్క దగ్గర ఉంచు. ఆమె నలభై ఏళ్ళుగా ఒకే ముఖాన్ని రోజూ పాత ముఖంతో పోల్చి చూస్తూ, ఎక్కడ తేడా వచ్చిందో చెప్తోంది. ఆ పనికి అంతకంటే మంచి అర్హత ఉందనుకోను. ట్రంకు పెట్టె తాళం నిన్ననే ఆమెకిచ్చాను.

ఆ ఇద్దరు పిల్లల సంగతి వారం వారం రాయి. నేను అడగకపోయినా రాయి.

ఇక ఆ కవరు. విప్పలేదన్నావు. మొదట నాకు కోపం వచ్చింది. భోజనమయ్యాక నవ్వొచ్చింది. ఇప్పుడు రెండూ లేవు. దాన్ని విప్పకు. నాకు పంపకు. అంటించిన కవరుని అలాగే పట్టుకెళ్ళి, పైనుంచే స్కాన్ చేసి, నీ సర్వర్‌లో పెట్టు. ముద్ర తీసి జాబితాలో మొదటి వరసలో రాయి. మూడేళ్ళు ఆ బీరువాలో ఉండి కూడా ఎవరూ ఒక్క చుక్క మార్చని ఫైలు, ఆ ఆఫీసు మొత్తానికి అదొక్కటే.

ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అక్క కూడా చదివింది. ఒక తప్పు దిద్దింది.

చూసి సంతకం చేస్తున్నాను,
బావ